కష్టం ఇంటిది... కాగితం ఎవరిది?

దరఖాస్తులు మన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. రేషన్ కార్డులో పేరు చేర్పించాలన్నా, పిల్లాడికి కులం సర్టిఫికెట్ తేవాలన్నా, అత్తగారి పెన్షన్ ఎందుకు ఆగిందో కనుక్కోవాలన్నా సంచిలో జిరాక్సులు వేసుకుని తిరిగేది చాలా ఇళ్లల్లో మనమే. కానీ ఇల్లు నీట మునిగినప్పుడో, చేతికొచ్చిన చేను రాళ్లవానకు నేలపాలైనప్పుడో పెట్టుకునే దరఖాస్తు వేరు. ఆ రోజు పొయ్యి వెలగదు, కాగితాలు తడిసి ఉంటాయి, మనసు మనసులో ఉండదు. అధికారి మాత్రం వచ్చి "పాసుపుస్తకం ఏది? ఖాతా ఎవరి పేరు మీద ఉంది?" అని అడుగుతాడు. అడగడం అతని ఉద్యోగం. జవాబు లేకపోవడం మన కష్టం.

మాది వీర్నపల్లి. సిరిసిల్ల జిల్లాలో అడవి అంచున, తండాల నడుమ ఉన్న ఊరు. 2016లో మండలమైంది. డిగ్రీ చదివి కథలు రాసుకునే కోడలు ఉందని తెలిసి, వాడకట్టులో ఎవరికి అర్జీ కావాలన్నా మా గడప తొక్కుతారు. "కథలు రాసే చెయ్యే గదా, కలెక్టర్ సారుకు గూడ ఓ కథ రాయరాదు బిడ్డా!" అని నవ్విస్తారు. ఆ అర్జీలు రాస్తూ రాస్తూ నేను గమనించిందేమంటే, విపత్తు ఇంటి మీద పడుతుంది, సాయం మాత్రం కాగితం మీద ఉన్న పేరును వెతుక్కుంటూ వస్తుంది. ఆ పేరు చాలాసార్లు ఇంట్లో ఉన్న ఆడమనిషిది కాదు.

రాళ్లవాన మిగిల్చిన లెక్కలు

2023 మార్చి మూడో వారం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎండాకాలం మొదట్లోనే ఈదురుగాలులు, వడగళ్లు రాష్ట్రాన్ని కుదిపేశాయి. మొక్కజొన్న విరిగి పడింది, వరి రాలింది, మామిడి పిందె నేల మీద పరుచుకుంది. మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో చేలు చూసి ఎకరానికి 10,000 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. కౌలు రైతులను కూడా ఆదుకుంటామన్నారు. ఆ నెలాఖరుతోనే పీడ విరగడ కాలేదు. ఏప్రిల్ చివర్లో మా జిల్లా మీద కూడా రాళ్లవాన పడింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మార్చి వానలకు మొదట వేసిన అంచనా ప్రకారం నష్టపోయిన పంట సుమారు 2 లక్షల 28 వేల ఎకరాలు. తర్వాత వ్యవసాయ శాఖవారు పొలం పొలం తిరిగి రాసుకున్నాక డబ్బు విడుదలైంది సుమారు లక్షన్నర ఎకరాలకు, 151 కోట్ల రూపాయలు. మొదటి అంచనా గాలివాటుగా వేసేది. రెండోది సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు, ఖాతా నంబరుతో సహా రాసేది. డబ్బు వచ్చేది రెండో జాబితాను బట్టే. టీవీలో "మన జిల్లాకు సాయం" అని వినగానే మన చేను కూడా అందులో ఉందనుకుని నిశ్చింతగా ఉండకూడదని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి.

పొలం చూసేందుకు వచ్చేది వ్యవసాయ విస్తరణాధికారి. మనవాళ్లు ఏఈవో సారు, ఏఈవో మేడం అంటారు. పంట 33 శాతం, అంతకు మించి పోతేనే జాబితాలో రాస్తారు. అంటే పావు వంతు పోయిన మడికి పైసా రాదు. "గింజలు సగం రాలినయి సారూ" అని నోటితో చెబితే చాలదు, చేను కనిపించాలి. రాలిన మడిని ఊడ్చుకుని, దున్నేసి, "మొన్న పోయింది" అంటే చూసేవాళ్లకు దిక్కు తోచదు.

ఇంకో చిక్కుంది. కోసి, కల్లంలోనో కొనుగోలు కేంద్రంలోనో ఆరబోసిన వడ్లు తడిస్తే అది పంట నష్టం లెక్కలోకి రాదు. ఏళ్లుగా ఐకేపీ కేంద్రాల్లో వడ్లు కాంటా వేయించేది మన మహిళా సంఘాలవాళ్లే. ఆ తడిసిన కుప్పల ముందు ఎంతమంది అక్కాచెల్లెళ్లు తల పట్టుకుని కూర్చున్నారో వాళ్లకే తెలుసు. 2023 మే మొదట్లో తడిసిన ధాన్యాన్నీ కొంటామని ప్రభుత్వం ప్రకటించాకే వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. పైగా ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి రాష్ట్రం 2020లోనే పక్కకు జరగడంతో ఆ ఏడాది రైతుకు బీమా అండ కూడా లేదు. సర్కారు ఇచ్చే సాయమే దిక్కు.

ఆసామి దుబాయిలో, చేను ఊళ్లో

మా వాడకట్టులో ఒక అక్క ఉంది. భర్త పదేళ్లుగా గల్ఫ్‌లో. మా ప్రాంతంలో ఇది ఇంటింటి కథ. రెండెకరాల వరి, ఒక బర్రె, ఇద్దరు పిల్లలు. నారు పోసేది ఆమే, నీళ్లు కట్టేది ఆమే, పొద్దుగూకినాక బీడీలు చుట్టేదీ ఆమే. రాళ్లవాన పడ్డ మర్నాడు చేను చూడడానికి నన్నూ తీసుకుపోయింది. వరి గొలుసులకు గింజ లేదు. మడిలో నీళ్ల అడుగున పసుపు పరిచినట్టు వడ్లు.

తీరా కాగితాల దగ్గరకు వచ్చేసరికి భూమి భర్త పేరున కూడా లేదు. కాలం చేసిన మామగారి పేరుమీదే ఉంది. విరాసత్ చేయించుకోలేదు. అన్నదమ్ములిద్దరూ ఎడారి దేశంలో ఉంటే సంతకాలు ఎవరు పెట్టాలి? ఒక ఆఫీసుకు పోతే "పట్టాదారును తీసుకురమ్మ"న్నారు. "కాటికి పోయినాయన్ని యాడికెళ్లి తేవాలె సారూ?" అని అక్కడే ఏడ్చేసింది. ఆ మాట విని నవ్వినవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇద్దరం కూర్చుని అర్జీ రాశాం. మామగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల వివరాలు, ఆమె ఆధార్, సర్వే నంబరు, చేనుకు ఇరుపక్కల ఉన్న రైతుల సంతకాలు, ఆమెను చేన్లో నిలబెట్టి తీసిన నాలుగు ఫొటోలు జతచేశాం. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఆ పంటకు సాయం ఆమె చేతికి రాలేదు. కానీ ఆ అర్జీ పట్టుకునే విరాసత్ పని మొదలైంది. బావమరిది సెలవు మీద వచ్చినప్పుడు సంతకాలయ్యాయి. ఇప్పుడు ఒక ఎకరం పాసుపుస్తకం మీద ఆమె పేరే ఉంది. "పది వేలు పోతే పోయినయి గనీ, నా పేరు నేను సదువుకున్న" అంటుంది. ఆమె చదువుకున్నది మూడో తరగతి.

ఈ చిక్కు ఒక్క గల్ఫ్ ఇళ్లదే కాదు. భర్త పోయిన ఒంటరి ఆడవాళ్లది, కౌలుకు చేసుకునేవాళ్లది అంతకన్నా కష్టం. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. డబ్బు మాత్రం పట్టాదారు ఖాతాలో పడుతుంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలు రైతుల గుర్తింపు కార్డుల చట్టం వచ్చినా, మన దగ్గర ఆ కార్డుల ముచ్చట తర్వాత మరుగున పడిపోయింది. పట్టాదారు మంచివాడైతే తెచ్చి ఇస్తాడు. కాకపోతే? మంచితనం మీద ఆధారపడేదాన్ని హక్కు అనలేం కదా!

మా చుట్టూ ఉన్న తండాల్లో మాత్రం ఒక మంచి సంగతి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమికి ఇచ్చే హక్కు పత్రం పెళ్లయినవాళ్లకైతే భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. చట్టంలోనే అలా రాశారు. ఆ పత్రం ఉన్న బాయి ఎవరైనా "ఇది నా చేను" అని అధికారి ముందు నిలబడి చెప్పగలదు. మామూలు పట్టా భూములకూ అలాంటి నియమమే ఉంటే మన అర్జీలు సగం తగ్గిపోయేవి.

నగరంలోనూ అదే తిప్పలు

పట్నం ఆడవాళ్లకు ఈ బాధ ఉండదనుకుంటే పొరపాటు. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వానకు హైదరాబాద్ మునిగింది. ముంపు ఇళ్లకు 10,000 రూపాయల చొప్పున, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, కొంత దెబ్బతిన్నదానికి 50 వేలు ఇస్తామన్నారు. మొదట 550 కోట్లు కేటాయించి ఇంటింటికీ నగదు పంచారు. అసలు మునిగినవాళ్లకు అందలేదని, మధ్యలో చేతులు మారాయని గోల మొదలైంది. నవంబర్‌లో మీ సేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఇక చూడండి! తెల్లారకముందే మీ సేవ కేంద్రాల ముందు బారులు. ఆ బారుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే. చంటిపిల్లలను ఎత్తుకున్నవాళ్లు, ముసలమ్మలు. వరుసలో నిలబడ్డ ఒక మహిళ కుప్పకూలి చనిపోయిందన్న వార్త కూడా అప్పుడు పత్రికల్లో చదివాం. నగరపాలక ఎన్నికల ప్రకటన రావడంతో నవంబర్ 18న ఎన్నికల సంఘం ఆ పంపిణీని ఆపించింది. ఎన్నికలయ్యాక డిసెంబర్ 7న ఇస్తారన్న ఆశతో మళ్లీ బారులు తీరితే, "మీ సేవకు రానక్కర్లేదు, మా బృందాలే వచ్చి చూసి ఖాతాల్లో వేస్తాయి" అన్నారు. రోజు కూలి పోగొట్టుకుని నిలబడ్డవాళ్లకు ఆ ఎండ ఎవరు తిరిగిస్తారు?

నాలుగేళ్లకు, 2024 సెప్టెంబర్ మొదటి రోజున బుడమేరు విజయవాడను ముంచింది. ఇటు ఖమ్మంలో మున్నేరు పొంగింది. విజయవాడలో ముంపుకు గురైన కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తులవాళ్లకు 10,000, చిన్న దుకాణాలకు 25,000 అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విడివిడిగా రేట్లు ప్రకటించింది. సెప్టెంబర్ 25న చెల్లింపులు మొదలుపెట్టింది. అంతస్తును బట్టి, బండిని బట్టి, మగ్గాన్ని బట్టి సాయం విడగొట్టడం మెచ్చుకోదగ్గదే. వంటింటి సామాను మొదలుకుని ఏం పోయిందో ఇంటి ఇల్లాలికే బాగా తెలుసు. అందుకే రాసుకోవడానికి వచ్చినవాళ్లతో మాట్లాడాల్సింది కూడా ఆమే.

మా జిల్లాకు వస్తే, 2025 ఆగస్టు ఆఖరి వారంలో మానేరు పొంగి గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర రైతులు నీళ్ల మధ్య చిక్కుకుపోయారు. వైమానిక దళం హెలికాప్టర్ వచ్చి తీసుకొచ్చింది. ఒకరు వాగులో కొట్టుకుపోయారు. ఏటా ఏదో ఒక మూల ఇలాంటిదే. అంటే, "మనకెందుకు వస్తుందిలే" అనుకునే రోజులు పోయాయి.

దేనికి ఎంత?

సర్కారు ఇచ్చేది నష్టపరిహారం కాదు, ఆ పూటకు నిలదొక్కుకోవడానికి ఇచ్చే సాయం. ఇది తెలిస్తే సగం నిరాశ తగ్గుతుంది. కేంద్ర హోం శాఖ విపత్తు నిధి కోసం 2022లో ఖరారు చేసిన పట్టిక ప్రకారం మనిషి ప్రాణం పోతే కుటుంబానికి 4 లక్షలు. పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000. గుడిసెకు 8,000. బట్టలు పోతే ఇంటికి 2,500, గిన్నెలూ సామానూ పోతే మరో 2,500. పాడి బర్రెకో ఆవుకో 37,500, మేకకూ గొర్రెకూ 4,000, కోడికి 100. పశువుల కొట్టానికి 3,000. నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000, వానాధార పంటకు 8,500. రాష్ట్ర ప్రభుత్వాలు దీనికి కలిపి ఎక్కువ ఇవ్వవచ్చు. 2023 నాటి ఎకరానికి 10,000 అలాంటిదే.

బర్రెకు డబ్బు రావాలంటే పశువైద్యుడు చూసి ధ్రువీకరించాలి. వాసన వస్తోందని పూడ్చేస్తే ఆ 37,500 కూడా పూడ్చేసినట్టే. ముందు ఫొటో, తర్వాత డాక్టరు, ఆ తర్వాతే గుంత.

కేంద్రం గుర్తించిన జాబితాలో వరద, తుపాను, వడగళ్లు, కరువు, అగ్ని ప్రమాదం వంటివి 12 ఉన్నాయి. తమ ప్రాంతానికి ప్రత్యేకమైన విపత్తులను రాష్ట్రాలు చేర్చుకోవచ్చు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను అలా చేర్చి, మరణించినవారి కుటుంబానికి 4 లక్షలు అని ప్రకటించింది. ఎండలో ఉపాధి పనికి పోయే ఆడవాళ్లు ఉన్న ఇళ్లు దీన్ని తప్పక తెలుసుకోవాలి. ఇందుకూ వెంటనే ఆస్పత్రి, పోలీసు, పంచనామా కాగితాలు కావాల్సిందే.

ఇంకో ముఖ్యమైన మాట. 2005 విపత్తు నిర్వహణ చట్టం వితంతువులకు, అనాథలకు సాయంలో ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలని చెప్పింది. సాయం ఇచ్చేటప్పుడు ఆడ, మగ, కులం, మతం అని తేడా చూపకూడదని కూడా అందులో ఒక సెక్షన్ ఉంది. "ఆసామిని పంపమ్మా" అనే అధికారికి ఈ చట్టం పేరు మర్యాదగానే గుర్తు చేయవచ్చు. అదే చట్టం దొంగ లెక్కలు రాసి సాయం పొందితే జైలు శిక్ష అనీ అంటోంది. పక్కింటివాళ్లు రాయించారు కదా అని లేని నష్టం మనమూ రాయించకూడదు.

ముందే చేసి పెట్టుకోవాల్సినవి

1. పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, పిల్లల సర్టిఫికెట్లు - అన్నీ జిరాక్సు తీసి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఎత్తైన చోట పెట్టండి. ఫోన్లో ఫొటోలు తీసి ఇంకొకరి ఫోనుకు కూడా పంపండి.

2. మీ పేరుతో ఒక ఖాతా నడుస్తూ ఉండాలి. ఆధార్ జతయిందా, ఫోన్ నంబరు మీ దగ్గర ఉన్నదేనా చూసుకోండి. చాలామందికి డబ్బు పడేది విదేశంలో ఉన్న భర్త నంబరుకు మెసేజ్ వచ్చే ఖాతాలో!

3. పెద్దలు కాలం చేశాక విరాసత్ వాయిదా వేయకండి. వీఆర్వోలు 2020లో పోయారు, ధరణి వచ్చింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది, గ్రామ పాలన అధికారులూ వచ్చారు. పేర్లు మారినా, మన పేరు ఎక్కించుకునే పని మనదే.

4. నష్టం జరిగిన రోజే తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. అందులో మీరు, వెనుక గుర్తుపట్టే చెట్టో, గుడో, కరెంటు స్తంభమో ఉంటే మంచిది.

5. సర్వేకు ఎవరు, ఎప్పుడు వస్తారో పంచాయతీలో అడగండి. పుట్టింటికో చుట్టాలింటికో వెళ్లినా ఇరుగుపొరుగుకు ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి. తాళం వేసిన ఇంటి నష్టాన్ని బయటి నుంచి ఎవరూ రాయలేరు.

6. అద్దెకుంటే అద్దె కాగితమో, గ్యాస్ పుస్తకమో ఆ చిరునామాతో ఉంచుకోండి. సామాను పోయింది మీది, ఇంటాయనది కాదు.

7. అర్జీ పొడవుగా రాయకండి. ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఏం పోయింది, ఎంత, ఏం కోరుతున్నారు - ఒక పేజీ చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి.

8. జాబితా అతికించగానే చూడండి. పేరు లేకపోతే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. తెల్ల రేషన్ కార్డు వాళ్లకు ఫీజు కూడా లేదు.

9. కాగితాలు వరదలో పోతే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి. నకళ్లకు అదే మొదటి మెట్టు.

10. "నేను ఇప్పిస్తా, సగం నాకు" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. సాయం దరఖాస్తుకు దళారీ అక్కర్లేదు.

సంఘం ఉన్నది అప్పులకేనా?

మన పొదుపు సంఘాల్లో నెలనెలా కూర్చుంటాం, పుస్తకాలు రాస్తాం, వాయిదాలు కడతాం. ఒక్క నెల సమావేశంలో ఈ సంగతి మాట్లాడుకుంటే ఎలా ఉంటుంది? ఎవరి భూమి ఎవరి పేరున ఉంది, ఎవరికి ఖాతా ఆగిపోయింది, ఎవరు కౌలు చేస్తున్నారు - ఈ మూడు ప్రశ్నలకు జవాబులు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు. వాన వచ్చిన మర్నాడు ఆ పుస్తకం పట్టుకుని పది మంది కలిసి వెళితే, "ఆసామి రావాలె" అనే మాట గొంతు దాటదు. మా వాడకట్టులో మొదలుపెట్టాం. పద్నాలుగు మందిలో తన పేరున సెంటు భూమి ఉన్నవాళ్లు ముగ్గురే తేలారు. ఆ లెక్క విన్నాక ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకామె "మా ఇంటాయన్ని ఇయ్యాల్నే అడుగుత" అంది.

అడగండి. ఆయన మీద అనుమానంతో కాదు, రేపు ఆయన ఊళ్లో లేని రోజున వాన వస్తే పిల్లల కోసం నిలబడాల్సింది మీరే గనుక. మృగశిర కార్తెకు ముందే ఇంటి కప్పు సరిచేసుకుంటాం, పిడకలు లోపల పెట్టుకుంటాం, ఊరగాయ జాడీలు ఎత్తిపెట్టుకుంటాం. వాటితోపాటు కాగితాల సంగతి కూడా ఒకసారి చూసుకుందాం. ఏమంటారు?